రంగు మారని క్రీము

"స్టెరాయిడ్... లేదు. పాదరసం... లేదు. నిషేధించిన రంగులు... లేవు."

పెద్దకొడుకు ఆ ల్యాబు కాగితం చదవడం అది మూడోసారి. మొదటిసారి తనకోసం చదువుకున్నాడు. రెండోసారి తల్లి వినాలని చదివాడు. ఈసారి ఒక్కో 'లేదు' దగ్గరా ఆగి, తమ్ముడి భార్య మొహంలోకి చూశాడు.

"ఇంకా ఏమేం లేవో చెప్పమ్మా. అవి కూడా రాయించుకొస్తా."



ప్యాకింగు గదిలో స్టీలు బల్లకి ఆ చివర ఆయన, ఈ చివర ఆమె. మధ్యలో ఆమె సంతకం కోసం ఇంకో కాగితం, దాని మీద మూత తీసిన పెన్ను. గోడవారగా పదకొండు రోజులుగా కదలని అట్టపెట్టెలు మనిషి ఛాతీ ఎత్తున పేరుకుపోయి ఉన్నాయి. ప్రతి పెట్టె మీదా, పెట్టెలోని ప్రతి డబ్బా మీదా అత్తగారు నవ్వుతోంది. బొమ్మ కింద 'మా అమ్మ మల్బరీ క్రీము' అని లావుపాటి అక్షరాలు.

అసలు అత్తగారు మాత్రం గుమ్మం పక్క కుర్చీలో నవ్వకుండా కూర్చుంది.

ఆ క్రీముకి మొహం అత్తగారిది, చేతులు పెద్దకోడలివి, నోరు పెద్దకొడుకుది, కాళ్ళు వ్యాను తోలే చిన్నకొడుకువి. చిన్నకోడలిది చదువు. లైసెన్సు మీద ఉన్నది ఆమె డిగ్రీయే. ఆస్పత్రి ఎదుట మందుల కౌంటర్లో ఉద్యోగం చేసుకుంటూనే, తయారైన ప్రతి విడతకీ 'పరీక్షించి పంపుతున్నాను' అని ఆమె సంతకం పెట్టాలి. ఆ సంతకం పడనిదే ఒక్క డబ్బా గడప దాటకూడదు.

పదకొండు రోజులుగా ఆమె పెట్టడం లేదు.

పెట్టలేకపోయింది. ఆ రోజు కౌంటరు దగ్గరికి ఒక బస్సు కండక్టరు వచ్చింది. మొహానికి చుట్టుకున్న గుడ్డ మెల్లగా విప్పింది. ఉడకబెట్టి తొక్క ఒలిచినట్టుంది ఆ చర్మం. ఎర్రగా, పల్చగా, కింద సన్నని నరాలు గీతల్లా కనిపిస్తూ. ఎండ తగిలితే మంట, పొయ్యి దగ్గరికి వెళితే మంట, క్రీము మానేస్తే ఇంకా మంట. "ఏం రాశారమ్మా?" అని అడిగితే సంచీలోంచి ఒక డబ్బా తీసి కౌంటరు మీద పెట్టింది.

డబ్బా మీద అత్తగారు నవ్వుతోంది.

"మన లేబులు అంటించి ఎవడో చెత్త సరుకు అమ్ముతున్నాడు," అన్నాడు పెద్దకొడుకు. "మంచి పేరు వచ్చినవాళ్ళకి వచ్చే జబ్బేనమ్మా ఇది. నువ్వు నమ్మలేదు. పరీక్ష చేయించాలన్నావు. సరే అన్నానా లేదా? మన డబ్బా పంపాం, శుభ్రంగా ఉందని వచ్చింది. ఇక సంతకం పెట్టి, ఆవిడకి ఫోను చేసి చెప్పు, తప్పు మాది కాదని. నిజాయితీకి మా ఇల్లే చిరునామా అని."

ఆయన మాటలన్నీ అలాగే ఉంటాయి. 'మీ బావగారు నిద్రలో కూడా లావు అక్షరాల్లోనే కలవరిస్తారు' అని పెద్దకోడలు నవ్వేది ఒకప్పుడు. ఈ మధ్య నవ్వడం లేదు. ఇప్పుడు కూడా ప్యాకింగు గదికీ వంటగదికీ మధ్య గుమ్మంలో నిలబడి, ఎప్పుడో ఆరిపోయిన గిన్నెని తుడుస్తూనే ఉంది.

"పెట్టెయ్యమ్మాయ్," అంది అత్తగారు. "పదకొండు రోజులైంది ఈ ఇంట్లో ఒక ముద్ద సరిగ్గా దిగి."

చిన్నకోడలు పెన్ను అందుకుంది.

నిజం చెప్పాలంటే ఆమెకీ తేలిగ్గానే అనిపించింది. ఇంటివాళ్ళ మీద అనుమానం పెట్టుకుని, వాళ్ళ పక్కనే కూర్చుని తినడం ఎంత నరకమో ఈ పదకొండు రోజుల్లో తెలిసొచ్చింది. కాగితం చెబుతోంది కదా. ఇంకెందుకు?

"ఇదిగో, నువ్వు పంపిన డబ్బా కూడా వెనక్కి ఇచ్చారు. సగం వాడుకుని, సీలు వేసి," అంటూ పెద్దకొడుకు జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. సీలు ఊడదీసి, మూత తీసి, గర్వంగా ముందుకు తోశాడు. "చూసుకో. నీదే."

దాని పక్కనే, మూతలు బిగించడానికి వరుసగా పేర్చిన కొత్త డబ్బాలున్నాయి. కిటికీలోంచి ఎండ రెంటి మీదా ఒకేలా పడింది.

సంతకంలో మొదటి అక్షరం దగ్గరే చిన్నకోడలి చెయ్యి ఆగింది.

వరుసలో ఉన్నవి ముద్దొచ్చే గులాబి రంగులో ఉన్నాయి. ల్యాబు నుంచి వచ్చింది అలా లేదు. వర్షానికి ముందు మబ్బులా, మసకబారిన ఊదారంగు.

"ఈ రంగేంటి బావగారూ?"

"ఏ రంగు?"

"ఇది వేరు, అది వేరు."

"పండు ముదురుని బట్టి ఉంటుందమ్మా. మల్బరీ పండు ఒక రోజు చెట్టున ఎక్కువుంటే ఒక రంగు, తక్కువుంటే ఒక రంగు. మొక్కల సరుకంటే అంతే. అచ్చు గుద్దినట్టు ఉంటేనే అనుమానించాలి."

ఆ జవాబులో తప్పేమీ లేదు. అంతకుముందైతే ఆమె కూడా అదే చెప్పేది. కానీ గుమ్మంలో గిన్నె తుడుస్తున్న శబ్దం ఆగిపోయింది.

చిన్నకోడలు పెన్ను కింద పెట్టింది. రెండు చేతుల్లో రెండు డబ్బాలు తీసుకుని లేచింది.

"ఎక్కడికి?"

"వంటగదిలోకే బావగారూ. పారిపోను."

&nbsp;

వంటగదిలో పెద్దకోడలు ఆమె వైపు చూడకుండా గిన్నెల అర సర్దడం మొదలుపెట్టింది.

"అక్కా, వంటసోడా ఎక్కడుంది?"

"దేనికి?"

"ఒక్క చిటికెడు చాలు."

పెద్దకోడలు వెంటనే కదల్లేదు. తర్వాత పై అరలోంచి సీసా తీసి, చేతికి ఇవ్వకుండా గట్టు మీద పెట్టింది. ఆమెకి అర్థమైపోయిందని చిన్నకోడలికీ తెలిసిపోయింది. మల్బరీ పళ్ళు పిండిన చేతుల్ని సబ్బుతో కడిగితే ఊదారంగు నీలంగా, పచ్చగా మారిపోవడం ఆ ఇంట్లో పెద్దకోడలి కంటే ఎక్కువసార్లు చూసినవాళ్ళు లేరు. చిన్నకోడలు పుస్తకంలో చదివినదాన్ని ఆమె చేతులతో నేర్చుకుంది.

రెండు సాసర్లు. రెంటిలో చెంచాడేసి క్రీము. నీళ్ళలో కలిపిన సోడా నాలుగేసి చుక్కలు. చెంచా వెనకతో కలిపింది.

ల్యాబు నుంచి వచ్చిన క్రీము అంచుల దగ్గర నుంచి మారడం మొదలుపెట్టింది. ఊదా నీలమైంది, నీలం మెల్లగా దెబ్బ తగిలిన చోటులా పచ్చబారింది.

రెండో సాసరు గులాబి రంగులో అలాగే ఉంది. ఇంకో నాలుగు చుక్కలు వేసింది. ఇంకా ముద్దుగా ఉంది.

"దీంట్లో పండు లేదక్కా."

పెద్దకోడలు వంగి ఆ సాసరు వంక చూసింది.

"ఉన్నది రంగు. అంతకంటే దీనివల్ల ఏమీ తెలియదు. లోపల ఇంకేముందో ఈ సోడా చెప్పలేదు. పండు లేదని మాత్రం చెబుతోంది." ఆమె గొంతు తగ్గించింది. "వండేది నువ్వు. నీకు తెలియకుండా ఎలా?"

"వండేది నేనని ఎవరన్నారు?"

ఆ మాట చాలా మామూలుగా వచ్చింది, ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు.

"నా చేతులు చూడు," అంది పెద్దకోడలు. రెండు అరచేతులూ చాచింది. "పళ్ళ కాలం ఇది. పోయినేడు వరకూ ఈ రోజుల్లో నా గోళ్ళు నల్లగా ఉండేవి. పిండి, గుడ్డలో వడగట్టి, గ్లిజరిన్‌లో నానబెట్టి, మళ్ళీ వడగట్టి... పనికి వచ్చే ఇద్దరితో కలిసి ముగ్గురం చేసినా వారానికి కాసిని డబ్బాలే అయ్యేవి. నువ్వు పొద్దున్నే కౌంటరుకి పోతావు, చీకటి పడే వేళకి వస్తావు. ఒక్కసారైనా నా చేతుల వంక చూశావా చెల్లీ?"

చూడలేదు. చూడకుండానే ఏడాదిగా సంతకాలు పెట్టింది. 

"మరి ఇవన్నీ?"

"డ్రమ్ముల్లో వస్తుంది. 'చిక్కటి సారం, చుక్క వేస్తే చాలు, నువ్వింక కష్టపడక్కర్లేదు' అన్నారు మీ బావగారు. నేనూ సంతోషించాననుకో. నడుం నొప్పి తగ్గుతుంది కదా అని. ఇప్పుడు నేను చేసేది అది కలిపి, మూత బిగించడమే."

"మరి ఇది?" చిన్నకోడలు పచ్చబారిన సాసరు చూపించింది. "ఇది నీ చేతిదే. ఇప్పటికీ ఎక్కడ వండుతున్నావు?"

పెద్దకోడలు గట్టు కింద మూలన ఉన్న చిన్న గిన్నె వైపు చూసింది. నలుగురికి పాలు కాచుకునేంత గిన్నె.

"అత్తయ్యకి. రెండు నెలలకోసారి. ఆవిడకి డ్రమ్ము సరుకు పడలేదు, బుగ్గలు మండాయన్నారు. 'అమ్మ మట్టుకు పాతదే చెయ్యి, ఎవరికీ చెప్పకు' అన్నారు మీ బావగారు."

చిన్నకోడలు రెండు సాసర్లనీ పక్కపక్కకి జరిపింది.

"ఇంట్లోవాళ్ళకొకటి, ఊళ్ళోవాళ్ళకొకటి," అంది చిన్నకోడలు.

"అలా అనకు."

"మరెలా అనాలక్కా? నువ్వే చెప్పు, అలాగే అంటాను."

"నాకు సిగ్గేసింది," అంది పెద్దకోడలు ఉన్నట్టుండి. "అందుకే చెప్పలేదు. ఈ ఇంట్లో నాకంటూ ఉన్న పేరు ఆ పొయ్యి దగ్గరిదే. నీకు చదువుంది. నాకు ఆ గిన్నె ఉంది. అది కూడా పాలగిన్నె అంత అయిపోయిందని నీతో ఏ నోటితో చెప్పను?"

&nbsp;

"అయిందా పరీక్ష?"

పెద్దకొడుకు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచో తెలియదు.

చిన్నకోడలు సాసర్లు ఆయన వైపు తిప్పింది. ఆయన వాటిని చూశాడు, భార్యని చూశాడు. భార్య తల దించుకోలేదు. అది ఆయనకి కొత్త.

"గుమ్మడికాయల దొంగంటే నేను భుజాలు తడుముకోను," అన్నాడు. "అవును, సారం బయట నుంచే తెప్పిస్తున్నా. వాళ్ళిచ్చిన కాగితం మీద 'మల్బరీ పండ్ల సారం' అనే ఉంది. కావాలంటే చూపిస్తా. వాళ్ళు మోసం చేస్తే ఆ పాపం వాళ్ళది."

"దాంట్లో ఏముందో మీరు అడగలేదా?"

"ఎందుకడగాలి?"

"అత్తయ్యకి మండినప్పుడైనా?"

"ముసలి చర్మం. ఒక్కొక్కరికి ఒక్కొక్కటి పడదు."

"బావగారూ, మల్బరీ సారం నాకు తెలుసు. చర్మానికి మంచిదే. కాస్త నునుపు, కాస్త తేమ. మచ్చ ఉంటే నెలల మీద రవ్వంత తగ్గుతుందేమో. ఆ కండక్టరమ్మకి వారంలో మొహం తెల్లబడిందట. వారంలో! అప్పుడే ఎవరికైనా అనుమానం రావాలి కదా. ఇంత తొందరగా పని చేసింది పండు కాదని."

"పని చేస్తోందమ్మా!" ఆయన గొంతు పెద్దదైంది. "అదే నేననేది. ఇప్పుడు పని చేస్తోంది. ముందు ఏం చేసేది? నాలుగేళ్ళు ఇల్లిల్లూ తిరిగాను. అందరూ 'వాసన బాగుందండీ' అనేవాళ్ళు. వాసన! మళ్ళీ కొన్నవాడు లేడు. మీ అక్క అంత కష్టపడి వండినదానికి, రాసుకున్నా రాసుకోకపోయినా ఒకటే!"

అన్నాక గానీ ఆయనకి తెలియలేదు, ఏమన్నాడో.

పెద్దకోడలు గట్టు మీది సోడా సీసాకి మూత బిగించింది. పై అరలో పెట్టింది. గిన్నె తుడిచిన గుడ్డని మడిచి, మళ్ళీ మడిచి, చిన్నది చేసి గట్టు మీద పెట్టింది.

"ఈ మాట నాలుగేళ్ళ కిందటే చెప్పుంటే," అంది నెమ్మదిగా, "నా నడుమైనా మిగిలేది."

అంతే.   ఆయనకి భార్య మీద చెల్లని కోపం తమ్ముడి భార్య వైపు తిరిగింది.

"సరేనమ్మా. పండు లేదు. నేను తప్పుడు మనిషినే. మరి ఏడాదిగా ఆ కాగితాల మీద సంతకాలు ఎవరివి? 'పరీక్షించి పంపుతున్నాను' అని రాసిందెవరు? రేపు ఎవరైనా అడిగితే డ్రమ్ములు తెచ్చినవాణ్ణి అడుగుతారా, డిగ్రీ ఉన్నదాన్ని అడుగుతారా? బాగా ఆలోచించుకో."

చిన్నకోడలు ఆలోచించుకుంది. అట్టే సేపు పట్టలేదు. కౌంటరు దగ్గర గుడ్డ విప్పిన ఆ మొహం కళ్ళ ముందుంది. ఏ డబ్బా ఏ రోజు వెళ్ళిందో ఆమెకి తెలియదు. ఆ డబ్బా వెంట వెళ్ళిన కాగితం మీద తన పేరుందని మాత్రం తెలుసు.

ఆమె ఫోను తీసింది. ఆయన ఎదుటే నంబరు నొక్కింది.

"హలో... నేనండీ, మందుల కౌంటరు నుంచి. ఆ రోజు వచ్చారు కదా. రిపోర్టు వచ్చిందండీ. బాగుందనే వచ్చింది. కానీ మీరు అది నమ్మకండి... లేదు, పరీక్షకి వెళ్ళింది వేరే డబ్బా. పొరపాటో ఏదో నాకింకా తెలియదు. మీ డబ్బా మాది కాదని మాత్రం నేను చెప్పలేను... అవునండీ, మా ఇంటిదే. ఆ బొమ్మలో ఉన్నది మా అత్తగారే. డాక్టరు గారు చెప్పినట్టే నడుచుకోండి, సొంతంగా ఏదీ మొదలుపెట్టొద్దు, ఆపొద్దు. ఆ డబ్బా మాత్రం పారెయ్యకండి. ఎవరు వచ్చి అడిగినా ఇవ్వకండి. నేనడిగినా సరే."

అవతల ఏం వినిపించిందో ఆమె మొహం చూస్తే తెలియలేదు. చాలాసేపు వింది. చివరికి "అనండి. అనాల్సిందే," అని పెట్టేసింది.

పెద్దకొడుకు మొహం మాడిపోయింది.  జేబులోంచి తన ఫోను తీసి చెవి దగ్గర పెట్టుకుంటూ వరండాలోకి వెళ్ళిపోయాడు. వరండా తలుపు దగ్గరగా వేసుకున్న చప్పుడైంది.

&nbsp;

అత్తగారు కుర్చీలోంచి లేచి తన గదిలోకి వెళ్ళింది. మంచం అంచున కూర్చుని, గోడ వైపు చూస్తోంది. గోడకి అదే ఫోటో పెద్దది చేసి పెట్టారు. వరండాలో తీసిన ఫోటో. తీస్తున్నవాడి కింద స్టూలు ఒరిగిపోతే ఆవిడకి నవ్వాగలేదట. ఆ నవ్వు చూసి ఇన్ని ఇళ్ళలో ఇంతమంది డబ్బా కొన్నారు.

చిన్నకోడలు తలుపు దగ్గరే నిలబడింది.

"అత్తయ్యా, మీకు పడలేదని తెలిసీ మీరు ఊరుకున్నారు. మీకు పడనిది వాళ్ళకి ఎలా పడుతుందనుకున్నారు?"

"నాకేం తెలుసమ్మాయ్. మండింది, పెద్దాడితో చెప్పాను. వాడు 'నీకు వేరే చేయిస్తాలే' అన్నాడు."

"అప్పుడు మీకేమీ అనిపించలేదా?"

 అత్తగారు మోకాలి మీద చెయ్యి అటూ ఇటూ రాసుకుంటూ కూర్చుంది.

"అనిపించింది," అంది చివరికి. "వీధిలోకి వెళ్తే ఎవరెవరో పలకరిస్తారు. 'మీరు డబ్బా మీదావిడే కదూ' అంటారు. మొదట్లో ముచ్చటగా ఉండేది. తర్వాత వాళ్ళ బుగ్గల వంక చూడ్డానికి భయమేసేది. అందుకే బయటికి వెళ్ళడం మానేశాను. మోకాళ్ళ నొప్పులన్నాను మీతో."

మోకాళ్ళ నొప్పులకి మందులు తెచ్చిచ్చింది చిన్నకోడలే. నాలుగు నెలలుగా.

"మీ దగ్గరున్న డబ్బాలు చూపిస్తారా?"

అత్తగారు మంచం పక్క అలమరా తెరిచింది. బట్టల వెనక మూడు డబ్బాలు. పైకి అన్నీ అలాంటివే, అదే లేబులు, అదే నవ్వు.

"నాలుగుండాలి. నువ్వు ల్యాబుకి పంపిస్తానన్న రోజే ఒకటి కనిపించలేదు. పొద్దున ఉంది, మధ్యాహ్నానికి లేదు. పరీక్షకని నువ్వే తీసుకెళ్ళావనుకున్నా. అడిగితే బాగుండదని ఊరుకున్నా."

చిన్నకోడలు తలుపు చెక్క పట్టుకుంది.

ఆ రోజు డబ్బా ఆమె తియ్యలేదు. కౌంటరుకి ఆలస్యమవుతోందని భర్తని అడిగింది. 'పెట్టెల్లోంచి ఏదో ఒకటి తీసి ల్యాబులో ఇచ్చెయ్యండి' అంది. తీసిందీ ఇచ్చిందీ ఆయనే. నోట్లో నాలుక లేని మనిషని, అబద్ధం చెప్పాలన్నా మాటలు వెతుక్కోవాల్సిన మనిషని, ఈ ఇంట్లో తను అనుమానించని మనిషంటూ ఉంటే ఆయనొక్కడేనని అనుకుంటున్న ఆయనే.

"అత్తయ్యా, ఈ మాట అందరి ముందూ చెబుతారా?"

"ఏ మాట?"

"నాలుగుండేవి, ఆ రోజు ఒకటి పోయిందని."

"ఉన్న మాట చెప్పడానికేం," అంది అత్తగారు.

&nbsp;

చిన్నకోడలు ప్యాకింగు గదిలోకి వెళ్ళి, సీలు తియ్యని అట్టపెట్టె ఒకటి చించి, మధ్యలోంచి ఒక డబ్బా తీసుకుంది. తన సంచీలో అడుగున పెట్టి, పైన గొడుగు పెట్టింది. బల్ల మీది కాగితాన్ని, అందులో తన పేరులోని ఒక్క అక్షరాన్ని, మడిచి అదే సంచీలో పెట్టుకుంది. పెద్దకోడలు వంటగది గుమ్మంలోంచి చూసింది గానీ ఎక్కడికని అడగలేదు. ల్యాబు మధ్యాహ్నం వరకూ తెరిచే ఉంటుంది. ఈసారి తన చేత్తో తనే ఇస్తుంది.

గేటు దగ్గరికి వచ్చేసరికి వ్యాను వచ్చి ఆగింది. టైరు పంచరు వేయించడానికి పొద్దున్నే వెళ్ళిన భర్త దిగాడు. చేతులకి అంటిన నలుపు గుడ్డతో తుడుచుకుంటున్నాడు.

వెనక అత్తగారు కూడా వచ్చి మెట్ల మీద నిలబడింది.

"ఒక మాట," అంది చిన్నకోడలు. "ఆ రోజు ల్యాబుకి ఇచ్చిన డబ్బా ఎక్కణ్నుంచి తీశారు?"

"ప్యాకింగు గదిలోంచి," అన్నాడతను. "పై పెట్టెలోంచి."

మాటలు వెతుక్కోలేదు. ఆరేళ్ళ కాపురంలో అతను ఇంత త్వరగా జవాబు చెప్పడం ఆమె వినలేదు.

ఆమె తల తిప్పి మెట్ల వైపు చూసింది. "అత్తయ్యా, చెప్పండి."

అత్తగారు కోడలి వైపు చూడలేదు. చిన్నకొడుకు మొహంలోకి చూసింది. అందులో ఆవిడకి ఏం కనబడిందో గానీ, పెదవులు రెండుసార్లు కదిలి ఆగాయి.

"అవునమ్మా," అంది. "పెట్టెలోంచే తీశాడు. నేను చూశాను."

"మీ అలమరాలో నాలుగుండాలన్నారు కదా! ఇప్పుడే కదా అన్నారు!"

"మూడేనేమో. నాకు సరిగ్గా గుర్తుండి చావడం లేదు." అత్తగారు గోడ పట్టుకుని, మోకాళ్ళు నొప్పిగా ఉన్నట్టు మెల్లగా, ఒక్కో మెట్టూ ఎక్కి లోపలికి వెళ్ళిపోయింది.

గేటు దగ్గర ఇద్దరే మిగిలారు.   పెద్దకొడుకుని కాసినట్టే చిన్నకొడుకునీ కాసింది ఆ తల్లి. అడ్డం పడ్డ చోటల్లా ఎవరిదో ఒకరి మొహం కాలుతోంది.

భర్త దగ్గరికి వచ్చాడు. చెయ్యి చాచి, ఎప్పటిలాగే మెత్తగా మాట్లాడాడు.

"ఈ ఎండలో నువ్వెందుకు? సంచీలో ఉన్న డబ్బా ఇలా ఇవ్వు. ల్యాబులో నేనిచ్చొస్తాను."

గొడుగు కింద, సంచీ అడుగున ఉంది డబ్బా. అది అక్కడ పెట్టిన సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ల్యాబుకి వెళ్తున్నానని కూడా ఎవరితోనూ అనలేదు.

ప్యాకింగు గదిలోకి కనబడే వరండా తలుపు ఇప్పుడు ఓరగా తెరిచి ఉంది. దాని వెనక ఎవరో నిలబడ్డ నీడ కదిలింది.

"సంచీలో ఏముందో మీకెవరు చెప్పారు?" అంది చిన్నకోడలు. "ఫోను ఎవరు చేశారు?"

 చాచిన చెయ్యి అతను వెనక్కి తీసుకోలేదు.